యూదు అమెరికన్ సాహిత్యం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లీషు నవలలు చదివే తెలుగువాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు ఫిలిప్ రాత్ దగ్గరో సాల్ బెల్లో దగ్గరో ఆగుతారు, ఇక అక్కణ్ణుంచి ప్రశ్నలు మొదలవుతాయి. నన్ను ఎక్కువగా అడిగేవి ఇక్కడ పెడుతున్నాను. జవాబుల్లో నా అభిప్రాయాలూ కలిసే ఉంటాయి. గొప్ప రచయితలు ఎంతమంది ఉన్నా, వాళ్ళతో హోరాహోరీగా పోట్లాడిన పాఠకులు లేకపోతే ఈ సాహిత్యం ఇంతకాలం నిలిచేది కాదని నా నమ్మకం, అది చాలా జవాబుల్లో కనిపిస్తుంది.

రచయిత యూదుడైతే చాలా, కథ కూడా యూదుల గురించే ఉండాలా?

దీనిమీద ఆ రచయితల మధ్యే ఏకాభిప్రాయం లేదు. బెల్లోకీ రాత్‌కీ ఆ ముద్ర నచ్చేది కాదు, మేం అమెరికన్ రచయితలం అనేవారు. తననీ బెర్నార్డ్ మాలమడ్‌నీ రాత్‌నీ విమర్శకులు ఒకే గాటన కట్టేస్తుంటే, మమ్మల్ని ముగ్గురు భాగస్తుల బట్టల కంపెనీలా చేశారని బెల్లో చురక వేశాడు కూడా. 2020లో నోబెల్ అందుకున్న కవయిత్రి లూయీస్ గ్లిక్ యూదు కుటుంబంలోనే పుట్టింది, కానీ ఆమె పద్యాల్లో గ్రీకు పురాణ పాత్రలే ఎక్కువగా ఎదురవుతాయి. మరి ఆమెని ఈ లెక్కలో వేస్తామా? నేనైతే ఒకటే చూస్తాను. ఆ కుటుంబాల జ్ఞాపకం, భయం, మాటతీరు, దేవుడితో పేచీ, వీటిలో ఏదో ఒకటి పుస్తకాన్ని లోపలినుంచి నడిపిస్తుంటే అది ఈ సాహిత్యమే. పేరు చివర ఇంటిపేరు చూసి తేల్చేది కాదు.

ఇదంతా ఎప్పుడు మొదలైంది?

1880ల నుంచి 1924లో అమెరికా వలస చట్టం తలుపులు దాదాపుగా మూసేవరకు, తూర్పు యూరప్ నుంచి 20 లక్షలకు పైగా యూదులు అమెరికా వచ్చారు. వాళ్ళలో చాలామంది న్యూయార్క్‌లో లోయర్ ఈస్ట్ సైడ్ ఇరుకు గదుల్లో చేరి బట్టలు కుట్టే షాపుల్లో పనికి కుదిరారు. ఇంట్లో మాట్లాడేది యిడ్డిష్, తూర్పు యూరప్ యూదుల భాష. 1897లో మొదలైన 'ఫోర్వర్ట్స్' అనే యిడ్డిష్ పత్రిక వాళ్ళకి వార్తలతో పాటు బతకడం కూడా నేర్పింది. 1906లో దాని సంపాదకుడు ఏబ్రహం కాహన్ పాఠకుల ఉత్తరాలకి జవాబులిచ్చే శీర్షిక ఒకటి పెట్టాడు. పిల్లవాడు శుక్రవారం సాయంత్రం ప్రార్థనకి రానంటున్నాడు ఏం చెయ్యను, షాపులో మేస్త్రీ వేధిస్తున్నాడు ఎవరికి చెప్పుకోను, ఇలాంటివన్నీ అందులో వచ్చేవి. పెళ్ళాం పిల్లల్ని వదిలేసి పారిపోయిన మగవాళ్ళ ఫోటోలు కూడా ఆ పత్రిక వరసగా అచ్చువేసేది, కనిపిస్తే చెప్పండని. తర్వాత వచ్చిన నవలలకి బీజాలు ఆ ఉత్తరాల్లోనే ఉన్నాయని నాకనిపిస్తుంది.

కాహన్ తానే 1917లో ఇంగ్లీషులో 'ది రైజ్ ఆఫ్ డేవిడ్ లెవిన్‌స్కీ' రాశాడు, డబ్బు బాగా సంపాదించి లోపల ఖాళీ అయిపోయిన ఒక వలసదారు కథ. 1925లో ఆంజియా యెజీర్‌స్కా 'బ్రెడ్ గివర్స్' రాసింది. అందులో తండ్రి రోజంతా ధర్మగ్రంథాలు చదువుతుంటాడు, కూతుళ్ళు సంపాదించి పోషించాలి, చిన్న కూతురు ఎదురుతిరుగుతుంది. ఆ ఇల్లు చదువుతుంటే మన పాత అగ్రహారాల కథలు గుర్తురాక మానవు.

హెన్రీ రాత్ 'కాల్ ఇట్ స్లీప్' సంగతి వేరు. 1934లో వచ్చిన ఆ నవల కొన్నాళ్ళకే మరుగున పడింది. 30 ఏళ్ళ తర్వాత, 1964లో, పేపర్‌బ్యాక్‌గా మళ్ళీ వస్తే జనం ఎగబడి కొన్నారు. విమర్శకుడు ఇర్వింగ్ హౌ దాని మీద న్యూయార్క్ టైమ్స్ పుస్తకాల అనుబంధం మొదటి పేజీలో రాశాడు. మూలపడ్డ పుస్తకాన్ని ఇలా చదివేవాళ్ళే పైకి తీసుకురావడం ఈ సాహిత్యంలో మళ్ళీ మళ్ళీ జరుగుతుంది.

ఎప్పుడూ బెల్లో, మాలమడ్, రాత్ పేర్లే ఎందుకు వినిపిస్తాయి?

రెండో ప్రపంచయుద్ధం తర్వాత రెండు దశాబ్దాలు అమెరికన్ నవల వాళ్ళ చేతుల్లోకి వచ్చింది కాబట్టి. కెనడాలో పుట్టి షికాగోలో పెరిగిన బెల్లో, 1953లో 'ఆగీ మార్చ్' నవలని నేను అమెరికన్‌ని, షికాగోలో పుట్టినవాణ్ణి అని కథానాయకుడి నోట అనిపిస్తూ మొదలుపెట్టాడు. వలస వచ్చినవాళ్ళ బిడ్డ ఎవరి అనుమతీ అడక్కుండా ఆ మాట అనడం అప్పట్లో పెద్ద విషయం. 1976లో ఆయనకి నోబెల్ వచ్చింది.

మాలమడ్‌ని జనం తక్కువగా తలుచుకుంటారు, నాకు మాత్రం ఆయనే ఎక్కువ ఇష్టం. 'ది అసిస్టెంట్' (1957) మొదటి పేజీల్లో బ్రూక్లిన్‌లో కిరాణా కొట్టు నడిపే మారిస్ బోబర్ నవంబర్ చలిలో తెల్లారకముందే లేచి, పాల పెట్టెలు లోపలికి లాగి, రోజూ వచ్చే ఒక ముసలావిడకి మూడు సెంట్ల రొట్టె ముక్క అమ్ముతాడు. మూడు సెంట్ల బేరం కోసం రోజూ ఆ చీకట్లో లేవడం! ఆ కొట్టుని దోచుకున్నవాళ్ళలో ఒకడైన ఇటాలియన్ కుర్రాడు తర్వాత అదే కొట్టులో పనికి చేరి, నెమ్మదిగా ఆ ముసలాయనలా మారిపోతాడు. మాలమడ్ తండ్రిది కూడా బ్రూక్లిన్‌లో కిరాణా కొట్టే.

ఈ ముగ్గురి పేర్ల వెనక పడిపోయిన ఆడవాళ్ళున్నారు, అది అన్యాయం. గ్రేస్ పేలీ మొదటి కథల పుస్తకం 1959లో, అంటే రాత్ మొదటి పుస్తకం వచ్చిన ఏడాదే వచ్చింది. వీధి మెట్ల మీద, పార్కు బెంచీల మీద ఆడవాళ్ళు మాట్లాడుకునే మాటల్ని ఆమె పట్టుకున్నట్టు ఆ ముగ్గురిలో ఎవరూ పట్టుకోలేదు. సింథియా ఓజిక్ గురించి కింద చెప్తాను.

ఫిలిప్ రాత్ మీద సొంతవాళ్ళకే అంత కోపం ఎందుకు?

ఇంటిగుట్టు వీధిన పెట్టాడని. 1959లో న్యూయార్కర్‌లో ఆయన కథ ఒకటి వచ్చింది. యుద్ధంలో పోరాడి వచ్చిన యూదు సార్జెంటుని, కొత్తగా చేరిన ఒక యూదు సైనికుడు మనవాళ్ళం కదా అంటూ మొహమాటపెట్టి ఒక్కో వెసులుబాటు రాబట్టుకుంటాడు. మొదట సెలవు, తర్వాత తిండి, చివరికి యుద్ధరంగానికి పోకుండా తప్పించుకోవడం. సార్జెంటు ఒక దశలో తిరగబడతాడు. కులం పేరో ఊరి పేరో చెప్పి పని చేయించుకునే మనుషుల్ని చూసిన ఎవరికైనా ఈ కథ వెంటనే ఎక్కుతుంది. కానీ హోలోకాస్ట్, అంటే నాజీలు యూదుల్ని లక్షల్లో చంపడం, జరిగి పదిహేనేళ్ళు కూడా కాలేదు, ఇలాంటి సమయంలో యూదు మోసగాణ్ణి ఇతరుల పత్రికలో చూపిస్తావా అని రబ్బీలు (యూదు మతగురువులు) మండిపడ్డారు. ఇతని నోరు మూయించడానికి ఏం చేస్తున్నారని అడుగుతూ ఉత్తరాలు వెళ్ళాయి. 1962లో న్యూయార్క్ యెషీవా అనే యూదు విశ్వవిద్యాలయంలో నవలాకారుడు రాల్ఫ్ ఎలిసన్‌తో కలిసి వేదికెక్కినప్పుడు ప్రశ్నల పేరుతో ఆయన్ని ఉతికి ఆరేశారు. ఇక జన్మలో యూదుల గురించి రాయనని ఆ రాత్రి ఒట్టు పెట్టుకున్నట్టు తర్వాత తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. 1969లో 'పోర్ట్నాయ్స్ కంప్లెయింట్' వచ్చింది, ఒట్టు తీసి గట్టున పెట్టినట్టే.

2014లో జ్యూయిష్ థియొలాజికల్ సెమినరీ, అంటే రబ్బీలని తయారుచేసే సంస్థ, ఆయనకి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. యాభై ఏళ్ళు తిట్టారు, కానీ తిట్టడానికైనా ప్రతి పుస్తకం చదివారు. చదవకుండా నిషేధించమన్నవాళ్ళు కాదు, పేజీ నంబరుతో సహా తప్పుపట్టినవాళ్ళు. ఆయన కూడా ఆ కోపాన్ని వదలకుండా దాన్నే నవలల్లోకి తెచ్చాడు. 'ది ఘోస్ట్ రైటర్' (1979)లో ఇంటి విషయాలతో కథ రాసిన కుర్ర రచయితని తండ్రి, ఊరి పెద్ద కలిసి నిలదీస్తారు. తండ్రి బాధ కూడా అక్కడ నిజమే, రాత్ దాన్ని చిన్నచూపు చూడడు. 2018లో ఆయన చనిపోయాక ఇంట్లోని పుస్తకాలు సొంత ఊరు నూఆర్క్‌లోని పబ్లిక్ లైబ్రరీకి చేరాయి.

ఈ సాహిత్యం 1970లకే అయిపోయిందని ఎక్కడో చదివాను. నిజమేనా?

అన్నది ఇర్వింగ్ హౌ. 1977లో ఒక కథా సంకలనానికి ముందుమాట రాస్తూ, ఈ కథలకి ఊపిరి వలస అనుభవం, ఆ తరం పోతోంది, కాబట్టి మంచి రోజులు బహుశా దాటిపోయాయన్నాడు. తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదది. పిల్లలు శివారు ఇళ్ళకి వెళ్ళిపోయారు, యిడ్డిష్ పోయింది, మిగిలింది ఏమిటి?

ఆయన ఊహించనివి మూడు జరిగాయి. ఒకటి, కొత్త వలస. 1970ల నుంచి సోవియట్ యూదులు రావడం మొదలైంది, లెనిన్‌గ్రాడ్‌లో పుట్టి 1979లో ఏడేళ్ళ వయసులో వచ్చిన గ్యారీ ష్టైన్‌గార్ట్ లాంటివాళ్ళు ఇంగ్లీషులో నవలలు రాశారు. ఒడెస్సా నుంచి వచ్చిన ఇల్యా కమిన్‌స్కీ కవిగా పెద్ద పేరు తెచ్చుకున్నాడు. అలెగ్జాండ్రియాలో పుట్టిన ఆంద్రే అసీమన్, టెహరాన్ నుంచి వచ్చిన డాలియా సోఫర్, వీళ్ళకి యిడ్డిష్‌తో సంబంధమే లేదు, అసలు లోయర్ ఈస్ట్ సైడ్ వాళ్ళ కథలోనే లేదు. రెండు, మనవళ్ళు వెనక్కి తిరిగి అడగడం మొదలుపెట్టారు, అమ్మమ్మ చెప్పకుండా దాచిన ఊరు ఏదని. మూడు, మతం నుంచి దూరం జరిగినవాళ్ళ కథలకి ఎదురుగా, మతం లోపలే ఉన్నవాళ్ళ, అందులోంచి తెగతెంపులు చేసుకుని బయటపడ్డవాళ్ళ కథలు వచ్చాయి. అలెగ్రా గుడ్‌మన్ 'కాటర్స్‌కిల్ ఫాల్స్' (1998) మొదటి రకం. షూలెం డీన్ 2015లో రాసిన ఆత్మకథ రెండో రకం, ఒక హసిడిక్, అంటే మత నియమాలు చాలా కఠినంగా పాటించే యూదుల, ఊళ్ళో రేడియో వినడం దగ్గర మొదలైన అనుమానం చివరికి పిల్లల్ని దూరం చేసుకునేదాకా తీసుకెళ్తుంది.

ఇప్పుడు రాస్తున్నవాళ్ళలో ఎవరిని చదవాలి?

జాషువా కోహెన్ 'ది నెతన్యాహూస్' (2021)తో మొదలుపెట్టండి, 2022లో పులిట్జర్ వచ్చింది. 1959–60 చలికాలం, పల్లెటూరి కాలేజీ, అక్కడ చరిత్ర చెప్పే ఒకే ఒక్క యూదు ప్రొఫెసర్. ఉద్యోగానికి వచ్చిన ఒక ఇజ్రాయెలీ చరిత్రకారుణ్ణి నువ్వే పరీక్షించు, నీవాడే కదా అని పై అధికారులు ఆయన నెత్తిన పెడతారు. ఆ వచ్చేది తర్వాత ఇజ్రాయెల్ ప్రధాని అయిన బెంజమిన్ నెతన్యాహూ తండ్రి, పెళ్ళాం పిల్లలతో సహా ఇంట్లో దిగి అంతా అతలాకుతలం చేస్తారు. నిజంగా జరిగిన ఒక సంఘటన దానికి ఆధారం, విమర్శకుడు హెరాల్డ్ బ్లూమ్ కోహెన్‌కి చెప్పినది.

మైకేల్ షేబన్, నికోల్ క్రాస్, జోనథన్ సఫ్రాన్ ఫోయర్, టాఫీ బ్రోడెసర్-ఆక్నర్, వీళ్ళ పుస్తకాలు మన పెద్ద ఊళ్ళ షాపుల్లో కూడా దొరుకుతుంటాయి. షేబన్ 'కవలియర్ అండ్ క్లే' (2000) మీద నాకు ప్రత్యేకమైన ప్రేమ. కామిక్ పుస్తకాల సూపర్‌హీరోలు యూదు కుర్రాళ్ళ బల్లల మీద ఎలా పుట్టారో అంత హుషారుగా చెప్పిన నవల ఇంకోటి చదవలేదు.

హోలోకాస్ట్ లేని పుస్తకమే ఉండదా?

చాలా ఉన్నాయి, పైన చెప్పినవాటిలో సగానికి పైగా అవే. కానీ ఆ నీడ పడినచోట ఎలా రాశారన్నది చూడాలి. ఓజిక్ 'ది షాల్' కథ కొద్ది పేజీలే, నాజీల క్యాంపులో తల్లి తన పసిపిల్లని శాలువాలో దాచుతుంది, అంతకుమించి నేను చెప్పను, ఒక్కసారి కూర్చుని చదవండి. ఆర్ట్ స్పీగెల్‌మన్ 'మౌస్' బొమ్మల పుస్తకం. యూదులు ఎలుకలు, నాజీలు పిల్లులు. అందులో నాజీల ఆష్విట్జ్ క్యాంపు ఎంత ఉందో, దాన్ని తట్టుకుని బయటపడ్డ తండ్రితో న్యూయార్క్‌లో కొడుకు పడే విసుగు కూడా అంతే ఉంది. 1992లో పులిట్జర్ ప్రత్యేక బహుమతి పొందిన ఆ పుస్తకాన్ని 2022 జనవరిలో టెనెసీలో ఒక కౌంటీ స్కూలు బోర్డు పాఠాల్లోంచి తీసేసింది, వెంటనే అమ్మకాలు పెరిగాయి.

నేథన్ ఇంగ్లాండర్ 2012 కథల పుస్తకంలో మొదటి కథ ఇంకో దారి పట్టింది. ఫ్లోరిడాలో ఒక ఇంట్లో రెండు జంటలు తాగి కబుర్లాడుతూ వంటసామాన్ల గదిలో దూరి ఒక ఆట మొదలుపెడతారు. మళ్ళీ అలాంటి రోజులొస్తే ఎవరు మనల్ని దాచిపెడతారు? ఆట భార్యాభర్తల మధ్యకి వస్తుంది. ఆ గదిలో ఒక భార్యకి తన భర్త గురించి తెలిసిపోయిన విషయం ఎవరూ పైకి అనరు.

డారా హార్న్ 2021లో వ్యాసాల పుస్తకం రాసింది, చనిపోయిన యూదుల మీద లోకానికున్న జాలి బతికున్నవాళ్ళ మీద ఎందుకు లేదని. ప్రతి మాటతో ఒప్పుకోను కానీ ఆ ప్రశ్న వదిలిపెట్టదు.

యిడ్డిష్ చచ్చిపోయిన భాషేనా?

హసిడిక్ కుటుంబాల్లో పిల్లలు ఇప్పటికీ మాట్లాడుతున్నారు. సాహిత్య భాషగా దెబ్బతిన్న మాట నిజం, పాఠకుల్లో లక్షలాదిమందిని యూరప్‌లో చంపేశారు. 1935లో అమెరికా వచ్చిన ఐజాక్ బషేవిస్ సింగర్ చివరిదాకా యిడ్డిష్‌లోనే రాశాడు, 1978లో నోబెల్ వచ్చింది. కానీ ఆయన కథ ఒకటి 1953లో బెల్లో అనువాదంలో పార్టిజన్ రివ్యూ పత్రికలో రాకపోతే ఇంగ్లీషు లోకానికి ఆయన అంత తొందరగా తెలిసేవాడు కాదు.

అనువాదకుడు దొరకని వాళ్ళ సంగతి? ఓజిక్ 1969లో రాసిన పెద్ద కథ దాని గురించే. న్యూయార్క్‌లో ముసలి యిడ్డిష్ కవి ఒకడు, అనువాదమై ప్రపంచమంతా తెలిసిన సాటి రచయితని చూసి కుళ్ళి కుళ్ళి ఏడుస్తూ, నాకూ ఒక అనువాదకుణ్ణి ఇవ్వండని కనపడ్డవాళ్ళనల్లా బతిమాలతాడు. తెలుగులో ఇంత రాసి, బయట ఒక్కరికీ తెలియని మన రచయితల్ని తలుచుకుంటూ నేనా కథ చదివాను, చాలాసేపు మామూలు మనిషిని కాలేకపోయాను.

1980లో ఆరన్ లాన్‌స్కీ అనే విద్యార్థి, ముసలివాళ్ళు పోగానే పిల్లలు యిడ్డిష్ పుస్తకాల్ని చెత్తలో వేస్తుంటే చూడలేక, వ్యాను వేసుకుని ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాడు. ఆ ముసలివాళ్ళు ఒక్కో పుస్తకం చేతికిస్తూ అది ఎక్కడ కొన్నారో, ఎవరితో కలిసి చదివారో చెప్పేవారు, కడుపునిండా తినిపించి గానీ పంపేవారు కాదు. అప్పట్లో నిపుణులు దొరికేవి 70,000 ఉంటాయేమో అనుకున్నారు, చివరికి పది లక్షలు దాటాయి. మసాచుసెట్స్‌లోని ఆమ్‌హర్స్ట్‌లో ఉన్న యిడ్డిష్ బుక్ సెంటర్ అదే. ఇప్పుడు వాళ్ళే కుర్ర అనువాదకులకి శిక్షణ ఇస్తున్నారు. యిడ్డిష్‌లో రాసి ఎవరూ పట్టించుకోని ఆడవాళ్ళ నవలలు ఈ మధ్య వరసగా ఇంగ్లీషులోకి వస్తున్నాయి.

ఈ పుస్తకాల చుట్టూ ఉన్న సంఘాలు, బహుమతులు ఎలా పనిచేస్తాయి?

1925లో బోస్టన్ పబ్లిక్ లైబ్రరీలో ఫానీ గోల్డ్‌స్టీన్ అనే లైబ్రేరియన్ యూదు పుస్తకాలు ఒకచోట పేర్చి ప్రదర్శన పెట్టింది. అదే పెరిగి పుస్తకాల వారమై, తర్వాత ఏటా హనుక్కా పండక్కి ముందు జరిగే పుస్తకాల నెలయింది, దాన్ని నడిపే జ్యూయిష్ బుక్ కౌన్సిల్ అయింది. ఈ కౌన్సిల్ చేసే పనుల్లో ఒకటి నాకు భలే నచ్చుతుంది. కొత్త పుస్తకం వచ్చిన రచయితలు వరసగా నిలబడి, దేశం నలుమూలల నుంచి వచ్చిన సంఘాల కార్యకర్తల ముందు తలా రెండు నిమిషాలు మాట్లాడాలి. ఎంత పేరున్నా అంతే టైమ్. నచ్చినవాళ్ళని ఆ సంఘాలు తమ ఊరికి పిలుస్తాయి. రచయితలకి ఎంత టెన్షనో ఊహించుకోండి, కానీ ఊరూరా పాఠకులు దొరకడం అలాగే.

బహుమతుల్లో సామీ రోర్ బహుమతి పెద్దది, లక్ష డాలర్లు, ఇంకా పేరు స్థిరపడని రచయితలకి. 36 ఏళ్ళకే పోయిన నవలాకారుడు ఎడ్వర్డ్ లూయిస్ వాలంట్ పేరు మీద 1963 నుంచి ఒకటి ఇస్తున్నారు.

ఇజ్రాయెల్ విషయంలో వీళ్ళందరిదీ ఒకే మాటా?

అస్సలు కాదు. 2023 అక్టోబర్ 7న హమాస్ దాడి, ఆ తర్వాత గాజా యుద్ధం మొదలయ్యాక ఈ సాహితీ లోకం నిలువునా చీలింది. ఆ నెలలోనే న్యూయార్క్‌లోని 92వ వీధి వై అనే పేరున్న సాంస్కృతిక కేంద్రం, ఇజ్రాయెల్‌ని విమర్శించే బహిరంగ లేఖ మీద సంతకం చేశాడని నవలాకారుడు వియెత్ థాన్ వెన్ సభని కొన్ని గంటల ముందు వాయిదా వేసింది, దానికి నిరసనగా అక్కడి కవితా కేంద్రం సిబ్బంది రాజీనామా చేశారు. ఇంకోవైపు, 2024 మార్చిలో ఒక పత్రిక ఇజ్రాయెల్‌లో ఉండే అనువాదకురాలి వ్యాసం వేసి, సొంత సిబ్బంది తిరగబడితే తీసేసింది. అదే ఏడాది ఆగస్టులో బ్రూక్లిన్ పుస్తకాల షాపులో ఒక సభ ఆగిపోయింది, సంభాషణ నడపాల్సిన రబ్బీ జియోనిస్టని, అంటే ఇజ్రాయెల్ యూదుల దేశంగా ఉండాలనేవాడని, షాపు ఉద్యోగి అభ్యంతరం చెప్పడంతో. విచిత్రమేమంటే ఆ పుస్తక రచయిత ఇజ్రాయెల్ విధానాల్ని గట్టిగా విమర్శించేవాడే.

రెండు వైపులా వేదికలు మూసెయ్యడమే నాకు కష్టంగా ఉంది. రాత్‌ని 1962లో పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి కడిగేశారు, అది క్రూరంగానే ఉండొచ్చు, కానీ పిలిచారు. ఇప్పుడు పిలవడమే మానేస్తున్నారు.

తెలుగువాళ్ళకి దీనితో ఏం పని?

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే చిన్న యూదు సమాజం ఉందని, బెనె ఎఫ్రాయిమ్ అంటారని కొందరు గుర్తుచేస్తుంటారు. నిజమే, కానీ వాళ్ళ చరిత్ర వేరు.

అసలు సంబంధం అమెరికాలో ఉంది. వంగూరి ఫౌండేషన్ అమెరికా తెలుగు కథల సంకలనాలు వేస్తోంది, డెట్రాయిట్‌లో తెలుగు లిటరరీ క్లబ్బు పుస్తకాలు చర్చిస్తోంది, పిల్లలు మాత్రం తెలుగు చదవలేకపోతున్నారు. యిడ్డిష్ వాళ్ళు ఈ దారిలో మనకంటే వందేళ్ళు ముందు నడిచారు. పోలిక పూర్తిగా కుదరదు, మనం సెలవులకి ఊరెళ్ళి రాగలం, వాళ్ళకి వెనక్కి వెళ్ళడానికి ఊరే మిగల్లేదు. అయినా ఒకటి నేర్చుకోవచ్చు. అక్కడ పుట్టిన మన పిల్లలు రేపు ఇంగ్లీషులో మన ఇళ్ళ గురించి రాస్తారు, కట్నాలు, కులం, గ్రీన్ కార్డు కోసం నడిపిన సంసారాలు, అన్నీ రాస్తారు. అప్పుడు పరువు తీశారని మొహం తిప్పుకోకుండా ఆ పుస్తకాలు కొని, చదివి, సభకి పిలిచి, అవసరమైతే గట్టిగా పోట్లాడాలి.

మతం గురించి ఏమీ తెలియకపోతే అర్థమవుతాయా?

అవుతాయి. సబ్బాత్ అంటే శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం రాత్రి దాకా పని చెయ్యని రోజు, కోషర్ అంటే తిండి నియమాలు, కదిష్ అంటే పోయినవాళ్ళ కోసం చదివే ప్రార్థన. ఈ మూడూ తెలిస్తే చాలావరకు గడిచిపోతుంది.

డబ్బు పెట్టకుండా ఎక్కడ మొదలుపెట్టను?

కాహన్ 1917 నవల, యెజీర్‌స్కా తొలి కథలు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా ఉన్నాయి. యిడ్డిష్ బుక్ సెంటర్ సైట్‌లో వేల పుస్తకాలు స్కాన్ చేసి పెట్టారు, ఇంగ్లీషు అనువాదాలు కూడా కొన్ని దొరుకుతాయి. కొనదలుచుకుంటే మాలమడ్ కథల పుస్తకం 'ది మ్యాజిక్ బ్యారెల్' కొనండి. పెళ్ళి సంబంధాలు చూసే ఒక పేరయ్య, పెళ్ళి కావాల్సిన, రబ్బీ కాబోతున్న ఒక కుర్రాడు, సంచిలో ఫోటోలు. కథ సగానికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది, తర్వాత ఏ పుస్తకం తియ్యాలో.